కాశమ్మ చెప్పిన పేరు

పెళ్ళి శుక్రవారం పెట్టుకుని మంగళవారంనాడు డిటెక్టివ్ నవల కొనుక్కున్న పెళ్ళికూతురు ఇబ్రహీంపట్నం మొత్తంలో నర్మద ఒక్కతే అయ్యుంటుంది. ఆమె కూడా కొనాలని బయలుదేరలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు గిరాకీ ఉండదని బట్టల దుకాణం సేటు పనివాళ్ళను ఇళ్ళకు పంపి సాయంత్రం మళ్ళీ రమ్మంటాడు. అలా ఇంటికి పోతుంటే బస్టాండు ముందర పుస్తకాల బంకు సత్తార్ చెయ్యెత్తి పిలిచాడు. పోటీ పరీక్షల గైడ్ల వెనకనుంచి కాగితంలో చుట్టిన పుస్తకం ఒకటి తీసి, "అక్కా, నీ గంభీరం సారు బతికే ఉన్నడు. జర ఆలస్యంగ వచ్చిండు, అంతే" అన్నాడు.

నర్మద ఎండలో నిలబడే కాగితం చించేసింది. అట్ట మీద మంటల్లో ఒక గోదాము, దాని ముందు ఎప్పటిలాగే మొహం కనబడకుండా వెనక్కి తిరిగి నిలబడ్డ డిటెక్టివ్ గంభీరం. పేరు 'కాలిన గోదాము'. ఏడాదికొకటి చొప్పున వచ్చే పుస్తకం రెండేళ్ళుగా రాలేదు. రచయితకు ఒంట్లో బాగాలేదన్నారు, ఇక రాయడన్నారు, ఈ ఫోన్ల కాలంలో చదివేవాళ్ళెవరన్నారు. అనేవాళ్ళకేం, అంటారు. పేజీలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే నర్మదకు చాలా నెలల తర్వాత లోపల ఏదో కదిలినట్టయింది.

"మీ అత్తమ్మకు చెప్పు, ఈసారి మస్తు గట్టి కేసంట. పట్టుకుంటదేమో చూస్త" అన్నాడు సత్తార్.

"మా అత్తమ్మ పట్టనోడు ఇంకా పుట్టలే సత్తారన్నా" అంది నర్మద.

అత్తాకోడళ్ళు కలిసి టీవీ సీరియల్ చూస్తే లోకం ఏమీ అనుకోదు. కలిసి హత్యల నవల చదువుతారంటే మాత్రం వింతగా చూస్తుంది. కాశమ్మకు అక్షరమ్ముక్క రాదు. పొద్దున మార్కెట్లో చేపలమ్మి, ఎండెక్కేసరికి ఇల్లు చేరి, వసారాలో చిరిగిన వల ఒళ్ళో వేసుకుని కూర్చుంటుంది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నర్మద గోడకానుకుని తనలో తాను చదువుకుంటుంటే, "ఏముందే అండ్ల, ఒక్కదానివే నవ్వుకుంటున్నవ్? పైకి చదువు, నేను గూడ నవ్వుత" అంది. నర్మద చదివింది. ఆ రోజు ఒక జమీందారు విషం తాగి చచ్చాడు. కాశమ్మ వల కుట్టడం ఆపి, "వాని తోడల్లుడే" అంది. ఇంకా వంద పేజీలుండగానే అంది. తోడల్లుడే.

ఆ తర్వాత వాళ్ళకో పద్ధతి పడింది. ఆఖరి ప్రకరణం ముందు పుస్తకం మూసెయ్యాలి. కాశమ్మ పేరు చెప్పాలి. అప్పుడే మిగతాది చదవాలి. ఆమె చెప్పిన పేరు తప్పిన పుస్తకం నర్మదకు గుర్తులేదు. ఎలా చెబుతావని అడిగితే కాశమ్మ తేలిగ్గా తీసిపారేసేది.

"అడగనిదానికి జవాబు చెప్పేటోన్ని చూడవే. మార్కెట్ల ఎవడన్న నేనడగక ముందే 'ఇప్పుడే పట్టిన చేప' అన్నడనుకో, ఇగ దాన్ని వాసన చూసే పనే లేదు."

నర్మద మొగుడు జైపాల్ పక్కనే పడుకుని వింటూ, "అమ్మా, నిన్ను ఠాణల కూసోబెడితే జైళ్ళు సాలవు" అని ఏడిపించేవాడు. ఆ ఇంట్లో అవి మంచి రోజులు. నర్మద వాటిని ఎక్కువగా తలుచుకోదు. తలుచుకుంటే పనులు కావు.

జైపాల్ చెరువులో పోయి రెండేళ్ళు దాటింది. ఎన్నో ఏళ్ళు పశువులు మేసిన చెరువు నిండుగా అలుగు పారిందని ఊరంతా పండగ చేసుకుంటే, చేపలు పట్టే కుటుంబాలకైతే బతుకే తిరిగొచ్చింది. జైపాల్, వాడి తమ్ముడు తిరుమల పొద్దుగూకితే వలలు వేసి, తెల్లారకముందే తెప్పల మీద పోయి తీసుకొచ్చేవాళ్ళు. ఒకనాటి తెల్లారుజామున తిరుమల ఒక్కడే గట్టెక్కి అరిచాడు. తను చెరువు అవతలి కొసన ఉన్నాడట. చూసేసరికి అన్న తెప్ప ఖాళీగా ఊగుతోందట. నీళ్ళలోకి దూకితే అన్న కాళ్ళకు వల చుట్టుకుని ఉందట. "కత్తి తీసి వల పరపర కోసిన. అన్నను గుంజుకొచ్చిన. అప్పటికే పాణం పోయింది" అని గట్టు మీద పడి దొర్లాడు. పోలీసులు వచ్చి రాసుకుని పోయారు. నీళ్ళలో బతికేవాడు నీళ్ళలో పోవడం వాళ్ళకు కొత్త సంగతేం కాదు.

నర్మద ఏడ్చింది, ఆ తర్వాత బట్టల దుకాణంలో పనికి కుదిరింది. కూతురు సిరిని బడికి పంపింది. ఈ మధ్య మత్స్యకారుల సంఘం పెద్ద అంజిలయ్య వచ్చి అరుగు మీద కూర్చుని, "ఇంటి కోడలు ఇంట్లనే ఉంటది, పిల్లకు నాయిన దొరుకుతడు, తిరుమలకు చేసుకుందాం" అన్నాడు. కాశమ్మ తల ఊపింది. తిరుమల తల వంచుకున్నాడు. ఆడదాని ఒప్పుదల అడగాలని చివర్లో ఎవరికో గుర్తొచ్చింది. నర్మదకు వద్దనడానికి కారణం దొరకలేదు. తిరుమల చెడ్డవాడు కాదు. అన్న పోయాక కల్లు తగ్గించాడు, సిరికి బిస్కెట్లు తెస్తాడు, ఎదురుపడితే పక్కకు తప్పుకుంటాడు. మహేశ్వరంలో తల్లిగారింటికి పోదామంటే అక్కడ అన్నా వదినలకే చోటు చాలదు. సరేనంది. శుక్రవారం గుడిలో దండలు మార్చుకుని, సంఘం వాళ్ళకు అన్నం పెట్టడం. అంతే పెళ్ళి.

అలాంటి వారంలో పుస్తకం చేతికొచ్చింది. వసారాలో అడుగు పెడుతూనే దాన్ని కాశమ్మ ముందు ఊపింది.

"వచ్చిండా!" అంది కాశమ్మ. కత్తిపీట పక్కకు తోసి, చేతులు రెండుసార్లు కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుంది. ముట్టుకోవడానికే అంత మర్యాద. అట్ట మీద వేలు పెట్టి, "ఈన సన్నబడ్డడు. బాగ పానం బాగలేకుండె గావచ్చు" అంది. ఒంట్లో బాగాలేనిది రాసినాయనకని నర్మద చెప్పలేదు. చెప్పినా వినేది కాదు.

కథలో ఆదిలాబాదు పత్తి వ్యాపారి రంగనాథం తన గోదాములోనే కాలి చనిపోయాడు. అన్నదమ్ములిద్దరి వ్యాపారం. తమ్ముడు మురళి, లెక్కలు రాసే గుమస్తా, వాటా కోసం తగాదా పడుతున్న భాగస్తుడు, ఎవరితోనూ మాట్లాడని భార్య. గంభీరం వచ్చీ రాగానే సోంపు నోట్లో వేసుకుని బూడిదలో తిరగడం మొదలుపెట్టాడు. నర్మద ఒక్కొక్కరికి ఒక్కో గొంతు పెట్టి చదివింది. భాగస్తుడు ముక్కుతో మాట్లాడాడు. గుమస్తా నత్తి. కాశమ్మ వలసూది చేతిలో పట్టుకుని చిరిగిన వలలో ఒక్క కన్ను కూడా కుట్టలేదు. గంభీరం ఇన్‌స్పెక్టరును ఒక్కమాటతో నోరు మూయించినచోట ఇద్దరూ పడీ పడీ నవ్వారు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, పెళ్ళి సంబరం అనుకుని పోయింది. దుకాణానికి ఆలస్యమవుతోందని నర్మద లేస్తే, "ఇంకొక్క ముక్క చదివి పోవే" అని కాశమ్మ కొంగు పట్టుకుంది. నర్మద ఆ ఒక్క ముక్క చదివింది, సేటుతో తిట్లు తింది. ఆ తిట్లు కూడా ఆ సాయంత్రం రుచిగానే ఉన్నాయి.

బుధవారం మధ్యాహ్నం వచ్చేసరికి కాశమ్మ చాప వేసి, చెంబుతో నీళ్ళు పెట్టి ఎదురుచూస్తోంది. ఆ రోజు మురళి వంతు. గంభీరం అతన్ని ఏమీ అడగలేదు. ఊరికే పక్కన కూర్చుని సోంపు ఇచ్చాడు. మురళి తనంతట తానే మొదలుపెట్టాడు. మంటలు చూసి పరుగెత్తానని, బయట తాళం వేసి ఉంటే రాయితో పగలగొట్టి లోపలికి దూరానని, అన్నను మోసుకొచ్చేసరికే అయిపోయిందని చెప్పాడు. చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. నర్మద ఆ ఏడుపు కూడా బాగానే ఏడ్చి వినిపించింది. తర్వాత గంభీరం గోదాము తలుపు దగ్గర బూడిద జల్లించాడు. ఇనుప తాళం దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. మసి పట్టింది గానీ, ఎక్కడా దెబ్బ లేదు.

"ఆపు" అంది కాశమ్మ.

నర్మద తలెత్తింది. కాశమ్మ మొహం తిప్పేసుకుంది.

"తలకాయ నొస్తుంది. సాలిగ."

"గిప్పుడే గదా అత్తమ్మ అసలు కథ పడ్డది! తాళం పగలగొట్టలే అంటే..."

"సాలన్న గదా! ఎప్పుడు చూడు సావులు, కాల్చుకునుడు. పెండ్లి ఇంట్ల ఇదేం చదువుడు? మూసెయ్."

ఇన్నేళ్ళలో కాశమ్మ మధ్యలో పుస్తకం మూయించడం అదే మొదలు. జ్వరంలో కూడా విన్న మనిషి. నర్మదకు నవ్వు కూడా వచ్చింది. "అయితే పేరన్న చెప్పు, మూసేస్త" అంది.

"గుమస్తా" అంది కాశమ్మ వెంటనే.

"గుమస్తానా? వాడు నోరే తెరవలే గదా అత్తమ్మ. తమ్ముడు సూడు, అడగకముందే..."

"గుమస్తానే!" అని అరిచి కాశమ్మ లోపలికి పోయింది. వల చాప మీదే పడి ఉంది.

సాయంత్రం దుకాణంలో నర్మద ఎవరికో పట్టుచీరలు పరిచి చూపిస్తూ ఉంది గానీ చూపు చీరల మీద లేదు. కాశమ్మ తప్పు పేరు చెప్పింది. తప్పని తెలిసే చెప్పింది. తన పద్ధతి తనే కాదని, నోరు తెరవని మనిషిని పట్టుకుంది. అడగనిదానికి జవాబు చెప్పినవాడు ఎదురుగా ఏడుస్తుంటే మొహం తిప్పేసుకుంది. ఎందుకని? నవలలో ఎవడు హంతకుడైతే ఈమెకేం పోయింది?

"ఈ బార్డరుల ఇంకో రంగు ఉందా?" అని అడుగుతోంది కొనే ఆవిడ. నర్మద చీర మడత పెట్టబోయి ఆగింది.

కత్తి తీసి వల పరపర కోసిన. ఆ మాట తిరుమల గట్టు మీద చెప్పాడు, పోలీసులకు చెప్పాడు, దినాలకు మహేశ్వరం నుంచి వచ్చిన చుట్టాలకు చెప్పాడు. వల సంగతి అతన్ని ఎవరూ అడగలేదు. మనిషి పోయినచోట వల గురించి ఎవరడుగుతారు?

ఆ వెనకే ఇంకోటి గుర్తొచ్చింది. దినాలు అయిన మర్నాడు కాశమ్మ ఆ వలను వాకిట్లో పరుచుకుని కూర్చుంది. వలను తేల్చే బెండ్ల దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క కన్నే వేళ్ళ మధ్య పట్టి చూసుకుంటూ, పొద్దు వాలేదాకా ఆ కొసకు పోయింది. మళ్ళీ మొదటికొచ్చింది. అన్నానికి పిలిస్తే పలకలేదు. కొడుకును మింగిన వలను తడుముకుంటోందని, పాపం పిచ్చిదైపోతోందని నర్మద తలుపు చాటున నిలబడి ఏడ్చింది. ఆ రోజు కాశమ్మ చేతిలో సూది లేదు, దారం లేదు. ఆ తర్వాత కూడా ఆ వలకు ఆమె ఒక్క ముడి వెయ్యలేదు. మూడోరోజుకు తిరుమల దాన్ని భుజాన వేసుకుని చెరువుకు పోయాడు.

కోసిన వలతో చేపలెలా పడతారు?

ఆమె తడుముకోలేదు. వెతికింది. తెగినచోటు కోసం వెతికింది. కన్నతల్లి ఎంత ఆశతో వెతికి ఉంటుందో, ఒక్క తెగిన కన్ను దొరికితే చాలని ఎంతమంది దేవుళ్ళకు మొక్కి ఉంటుందో తలుచుకునేసరికి నర్మద చీరల మధ్యే కూర్చుండిపోయింది. కొనే ఆవిడ భయపడి మంచినీళ్ళు తెప్పించింది.

ఆ రాత్రి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. అనుమానం తప్పయితే బాగుండునని ఒకవైపు, తప్పయితే పెళ్ళి చేసుకోవాలి కదా అని ఇంకోవైపు. రెండూ ఆమెకు సుఖంగా లేవు.

గురువారం సేటు పెళ్ళి సెలవిచ్చాడు. అంజిలయ్య పంపిన కొత్త చీర, గాజులు గూట్లో ఉన్నాయి. సిరి పక్కింట్లో ఆడుకుంటోంది. తిరుమల వంటచెరకు మాట్లాడడానికి పోయాడు. మధ్యాహ్నం కాశమ్మ వసారాలో వెల్లుల్లి వలుస్తుంటే నర్మద ఎదురుగా వచ్చి కూర్చుని పుస్తకం తెరిచింది.

"ఒద్దన్న గదనే" అంది కాశమ్మ.

"ఆఖరిదే ఉంది అత్తమ్మ. పేరు నిన్ననే చెప్పినవ్. ఇంక చదువుడే" అంది నర్మద.

చదివింది. ఈసారి గొంతులు మార్చలేదు. గంభీరం అందరినీ గోదాము ముందు నిలబెట్టాడు. పగలగొట్టానన్న తాళం పగల్లేదని చూపించాడు. తాళంచెవి మురళి దగ్గరే ఉందని, మంటలు లేచాక కూడా అది అతని జేబులోనే ఉందని చెప్పాడు. మురళి ఒక పేజీ నిండా కాదన్నాడు, రెండో పేజీలో కాళ్ళ మీద పడ్డాడు. నవలల్లో హంతకులు అలాగే ఒప్పుకుంటారు. నర్మద పుస్తకం మూసి నేల మీద పెట్టింది.

"తమ్ముడే అత్తమ్మ. గుమస్తా కాదు."

కాశమ్మ వెల్లుల్లి వలుస్తూనే ఉంది. వలిచిన రెబ్బలు, పొట్టు ఒకే గిన్నెలో పడుతున్నాయి.

"వల యాడనన్న తెగిందా?" అని అడిగింది నర్మద.

కాశమ్మ చేతులు ఆగాయి. అబద్ధం చెప్పడానికి ఆమెకు రెండేళ్ళు టైముంది. ఏదైనా చెప్పొచ్చు. చాలాసేపు కోడలి మొహంలోకి చూసింది.

"తెగలే" అంది.

"ఒక్క కన్ను గూడ?"

"ఒక్క కన్ను గూడ తెగలే బిడ్డా. రెండు దిక్కులకెళ్ళి చూసిన."

ఆ తర్వాత నర్మద అడగాల్సిన అవసరం లేకపోయింది. ఇన్నాళ్ళు పళ్ళ వెనక బిగబట్టిందంతా కాశమ్మ చెప్పేసింది. వల వెతికిన రోజే తిరుమలను గల్లా పట్టుకుని అడిగిందట. ఇద్దరూ ఒకే తెప్ప మీద ఉన్నారట. అవతలి కొసన ఉన్నానన్నది కూడా అబద్ధమే. పొద్దున్నే కల్లు వాసన వస్తున్నావని జైపాల్ తిట్టాడు, చెంప మీద ఒక్కటేశాడు. ఆ ఊపులో వల గుంజుతూ జారి పడ్డాడు. కాళ్ళకు వల చుట్టుకుంది. తిరుమల నడుముకు కత్తి ఉంది.

"రెండు గుక్కల నీళ్ళు తాగని, బుద్ధొస్తదని అనుకున్నడంట. ఎప్పుడు సూడు కొడుతడు గదా, జర తెల్వనీ అనుకున్నడంట. గట్ల కూసుండి చూసిండంట." కాశమ్మ వెల్లుల్లి గిన్నె కింద పెట్టింది. "చూసేటాల్లకు అయిపోయింది."

"మరి బయటికెట్ల తీసిండు, వల కొయ్యకుంటే?"

ఇది చెప్పడమే కాశమ్మకు అన్నిటికంటే కష్టంగా ఉంది.

"విప్పిండు" అంది చివరికి. "వలతోటే తెప్ప మీదికి గుంజి, కాళ్ళకు చుట్టుకున్నది నిమ్మలంగ విప్పిండంట. వల ఖరాబ్ గావద్దని."

గంభీరం పట్టుకున్న హంతకులందరూ ఏదో ఒకటి చేసినవాళ్ళు. విషం కలిపారు, గొంతు పిసికారు, తాళం వేశారు. ఏమీ చెయ్యకుండా కూర్చుని చూసినవాణ్ణి నర్మద ఏ పుస్తకంలోనూ చదవలేదు. జైపాల్ పైకి చూసి ఉంటాడు. తమ్ముడు చెయ్యి అందిస్తాడనుకుని ఉంటాడు. ఆ ఆలోచన దగ్గర ఆమె ఆగలేకపోయింది, దాటలేకపోయింది.

"తెలిసి నన్ను వానికిస్తున్నవా?" అంది.

"ఏం చేద్దునే! ఒక్కడు పోయిండు. రెండోన్ని గూడ ఠాణల పెట్టుమంటవా? అన్న పిల్లను సాదుకుంటే వాని పాపం జర తగ్గుతదనుకున్న. నువ్వు ఇంట్ల ఉంటె వాడు గాడి తప్పడనుకున్న."

"నా బిడ్డ రేపటిసంది వాన్ని నాయినా అని పిలవాల్నా? నాయిన సస్తుంటే కూసుండి చూసినోన్ని?"

కాశమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడే తిరుమల వాకిట్లోకి వచ్చాడు. పెళ్ళికి క్షవరం చేయించుకున్నాడు. చేతిలో అరటిపళ్ళ గెల. నర్మద లేచి నిలబడి అడిగింది.

"ఎంతసేపు చూసినవ్ తిరుమలా?"

ఏం చూశానని అతను అడగలేదు. గెల మెల్లగా కింద పెట్టాడు. నర్మద వైపు కూడా చూడలేదు.

"నువ్వు చెప్పినవా అమ్మా?" అన్నాడు.

కాశమ్మ కొడుకు మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఇంకేదో మాట వస్తుందని చూసింది. రాలేదు.

"రేపు పెండ్లి పెట్టుకుని గిప్పుడు చెప్తవా? సంఘమోళ్ళందరికి చెప్పుకున్నం. నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు తిరుమల. గొంతులో కోపమే ఉంది.

నర్మద చెప్పులేసుకుని వాకిలి దాటింది. అంజిలయ్య ఇల్లు అదే వాడలో చివరన ఉంది. నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడు, ఆయాసం వినబడ్డాయి. కాశమ్మ వస్తోంది. కాళ్ళు పట్టుకుని ఆపడానికే అనుకుంది నర్మద. ఆగితే మెత్తబడతానని భయపడి ఇంకా జోరుగా నడిచింది.

అంజిలయ్య అరుగు మీద ఇద్దరు వంటవాళ్ళతో బియ్యం లెక్క మాట్లాడుతున్నాడు. నర్మదను చూసి నవ్వాడు.

"ఏందే, పెండ్లిపిల్ల గిట్ల ఎండలవడి వచ్చినవ్?"

"వీళ్ళను రావొద్దని చెప్పు బాపు. పెండ్లి లేదు."

"ఎందుకట్ల? ఏమైంది?"

నర్మద ఏం చెప్పాలి? నవల చదివితే తెలిసిందని చెప్పాలా? పోలీసులు రాసుకుపోయిన కాగితాన్ని కాదని, రెండేళ్ళ కింద ఎండిపోయిన వలను చూపించాలా? తల్లి ఒక్కమాట కాదంటే, మరిదిని చేసుకోవడం ఇష్టంలేక నింద వేసిందని వాడకట్టంతా అంటుంది. పిల్లను పట్టుకుని ఎక్కడికి పోవాలో కూడా ఆమెకు తెలియదు.

కాశమ్మ వచ్చి అరుగు మెట్టు మీద కూలబడింది. ఊపిరి అందడానికి కొంచెంసేపు పట్టింది. నర్మద ఆమె వైపు చూడలేదు.

"ఇది కోడలు చెప్పేది కాదన్నా. నేను చెప్పాలె" అంది కాశమ్మ.

"ఏంది చెల్లె?"

"జైపాల్‌ది దానంతట అయిన సావు కాదు. తిరుమల పక్కనే ఉండె. నడుముకు కత్తి ఉండె. కొయ్యలే. చూసుకుంట కూసున్నడు." ఒక్కొక్క మాట విడివిడిగా చెప్పింది. "ఠాణకు తోల్కపో నన్ను. పోలీసోళ్ళకు గూడ నేనే చెప్త."

వంటవాళ్ళు మొహాలు చూసుకున్నారు. అంజిలయ్య అరుగు దిగి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏమంటున్నవో తెలుస్తుందా కాశమ్మా? వాడొక్కడే గదా నీకు మిగిలింది."

"మిగిలిండనే అనుకున్నన్నా ఇన్ని దినాలు. గందుకే నోరు మూసుకున్న" అంది కాశమ్మ. "మిగల్లే. ఇద్దరూ ఆ పొద్దే పోయిండ్రు."

నర్మద వెళ్ళి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. అంజిలయ్య లేచి, వంటవాళ్ళను పొమ్మని సైగ చేసి, చొక్కా తొడుక్కోవడానికి లోపలికి పోయాడు.